వచ్చేవాడి వైపు

ఊళ్ళో ఆమెని అందరూ గుర్తులమ్మ అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. వృత్తి దుకాణాలకి బోర్డులు రాయడం. ముప్ఫై ఏళ్ళుగా పొడుగు దారి మీద పసుపు గీతలు వేస్తున్నది కూడా ఆమే కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది.

పొడుగు దారి అంటే రైలు స్టేషను దగ్గర బయల్దేరి, కొండలూ అడవులూ దాటుకుంటూ పదకొండో రోజుకి సముద్రం దగ్గర తేలే కాలిబాట. అందులో ఏడో రోజు నడక గుర్తులమ్మ వంతు. జానెడు పొడుగు, నాలుగు వేళ్ళ వెడల్పు గీత. రాయైనా చెట్టైనా అదే కొలత. ప్రతి గుర్తూ రెండుసార్లు వెయ్యాలి. స్టేషను నుంచి పోయేవాడికి కనపడేలా ఒక ముఖాన, సముద్రం వైపు నుంచి వచ్చేవాడికి కనపడేలా రెండో ముఖాన. దారి మారితే పాత గీతల మీద రాతి రంగు పూసి చెరపాలి, అదీ రెండు వైపులా. పని తెలిసినవాళ్ళు ఒక వైపు వేసుకుంటూ వెళ్ళి, రెండో వైపు వేసుకుంటూ తిరిగొస్తారు. ఎందుకంటే వచ్చేవాడి కంటికి ఏది కనిపిస్తుందో వాడిలా నడిస్తే తప్ప తెలీదు.

ఇక ఆమె మరిది ఉన్నాడు. భర్త తమ్ముడు, అదే ఇంట్లో పై వాటా, సర్వే ఆఫీసులో ఉద్యోగం. ఆ దారినంతా జీపీఎస్ పట్టుకుని నడిచి, ఫోన్లో నీలం గీతగా పెట్టింది అతనే. నడిచేవాళ్ళు ఇప్పుడు ఆ గీతనే చూస్తూ నడుస్తారు, ఎదురుగా చెట్టున్నా సరే. వదినా మరిదీ మెట్ల మీద ఎదురుపడితే చాలు.

"వదినా, ఇంకా ఈ డబ్బాలూ కుంచెలూ ఏమిటి? ఇల్లంతా వాసన."

"నీ ఫోనుకి నాలుగు చినుకులు పడితే జలుబు చేస్తుంది కదయ్యా. అప్పుడు నా వాసనే దిక్కు."

ఎవరు పట్టిన కుందేటికి వాళ్ళకి మూడే కాళ్ళు. ఆమె భర్త రొట్టెల బట్టీలో రాత్రంతా పనిచేసి వచ్చి, ఇద్దరిలో ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళకి తలూపి పడుకునేవాడు. తెలివైన మనిషి. అయితే ఇదంతా మెట్ల మీద సరదాగా ఆగలేదు. రంగు గుర్తులు ఇక అవసరమా, మానేద్దామా అన్నది వచ్చే ఆదివారం దారి సంఘం తేల్చబోతోంది. మానేద్దామన్న కాగితం మీద మొదటి సంతకం మరిదిదే.

ఆ ఆదివారానికి ఇంకా నాలుగు రోజులుందనగా, పొద్దున పదకొండింటికి, మరిది దుకాణంలోకి వచ్చి, "వదినా, బసకి రా. ఒకాయన నిన్నటి నుంచి కనపడట్లేదు. మన ఏడో రోజు దారిలోనే," అన్నాడు.

ఆమె చేతులు తుడుచుకుంటూనే బయల్దేరింది. నడిచేవాళ్ళు రాత్రి ఆగే బస ఊరి చివర ఉంది. కింద పొడుగాటి భోజనాల గది, పైన మంచాలు, గుమ్మం పక్కన బురద బూట్లకి ఒక అర. భోజనాల బల్ల మీద పటం పరిచి ఉంది. గాలింపు దళం పెద్ద దాని మీదికి వంగి ఉన్నాడు. మామూలు రోజుల్లో అతను అంబులెన్సు డ్రైవరు. దళం అంటే అతనితో కలిపి ఆరుగురు, ఒక కుక్క. బల్ల చివర ఒక పెద్దావిడ చల్లారిపోయిన టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. తప్పిపోయినాయన భార్య ఆవిడే.

"డెబ్బై ఏళ్ళాయన," మరిది మెల్లగా చెప్పాడు. "కళ్ళజోళ్ళ దుకాణం నడిపి మానుకున్నాడట. ఈవిడకి మోకాళ్ళ నొప్పి, అందుకని బస్సులో ముందే వచ్చేసింది. ఆయన ఒక్కడే నడిచాడు."

"బస్సులోనా? ఎక్కణ్ణుంచి?" గుర్తులమ్మ అడిగింది.

"అవతలి బస నుంచి. వీళ్ళు తిరగేసి నడుస్తున్నారు. సముద్రం నుంచి స్టేషనుకి."

గుర్తులమ్మ గుండెల్లో రాయి పడింది.

ఎందుకు పడిందో చెప్పాలంటే కిందటి నవంబరుకి వెళ్ళాలి. అప్పటిదాకా ఏడో రోజు దారి వాగు లోయలో దిగి పోయేది. ఆ నెల వానలకి లోయలో బాట ముప్ఫై అడుగుల మేర కూలిపోయింది. సంఘం దారిని పైన గట్టు మీదికి మార్చింది. పాత వాగు దారీ కొత్త గట్టు దారీ ఈ చివర ఒక చీలిక దగ్గర విడిపోయి, ఆ చివర ఇంకో చీలిక దగ్గర కలుస్తాయి. మరిది ఒకరోజు గట్టు మీద నడిచొచ్చి, రాత్రి భోజనం చల్లారేలోపు నీలం గీతని అటు జరిపేశాడు. గుర్తులమ్మకి మాత్రం రెండు రోజుల పని. ఇటు చీలిక దగ్గర వాగు దారి గుర్తులు చెరిపి అడ్డుకర్ర కట్టింది, గట్టు పొడుగునా పోయేవాడి వైపు కొత్త గీతలు వేసుకుంటూ అటు చీలిక దాకా వెళ్ళింది. అక్కడ వెనక్కి తిరిగి వచ్చేవాడి వైపు మొదలుపెట్టబోతుంటే వాన దిగింది. తడి రాయి మీద రంగు నిలవదు. డబ్బా మూత పెట్టుకుని, కలప లారీల రోడ్డు పట్టుకుని ఇంటికొచ్చేసింది.

అదే సాయంత్రం సంఘం సమావేశం. మరిది అందరి ముందూ, "నాది నిన్ననే అయిపోయింది. మా వదినది ఎంతవరకొచ్చిందో," అన్నాడు. నలుగురూ నవ్వారు. గుర్తులమ్మకి ఒళ్ళు మండింది. దారి పుస్తకం లాక్కుని, ఏడో రోజు గడిలో 'పూర్తి' అని రాసి సంతకం పెట్టింది. ఒక్క రోజు అబద్ధమే కదా, తెల్లారగానే పోయి నిజం చేసేస్తాలే అనుకుంది.

తెల్లారితే వాన. ఆ వారమంతా వాన, ఆ తర్వాత మంచు. ఏప్రిల్‌లో దారి తెరిచారు. అప్పుడు కొత్త మార్కెట్టుకి నలభై బోర్డులు రాయాల్సి వచ్చింది. ఎదురు నడిచేవాళ్ళు నూటికి ముగ్గురు కూడా ఉండరు, వాళ్ళ చేతిలోనూ ఫోనుంటుంది, వచ్చే వారం వెళ్దాం అనుకుంది. ఆ వచ్చే వారం ఇవాళ్టిదాకా రాలేదు. తల్లీ, చెరపని గీత దానంతటది చెరిగిపోతుందా? ఇంకెవరైనా ఇలా చేసి ఉంటే ఆమే జుట్టు పట్టుకుని ఊరంతా తిప్పేది.

"తెల్లవారుజామున ఇక్కణ్ణుంచి బయల్దేరి గట్టంతా నడిచాం," దళం పెద్ద పటం మీద వేలు పెట్టి చెప్పాడు. "అవతలి బస దాకా చూసి, జీపులో తిరిగొచ్చాం. గట్టు మీద ఎక్కడా జాడ లేదు. వాగు దారి మొదట్లో అడ్డుకర్ర ఉంది కదా, అక్కడ నిలబడి కేకలేశాం, పలుకు లేదు. గుర్తులన్నీ కొత్తగా నిగనిగలాడుతున్నాయి, తప్పడానికి లేదు."

నిగనిగలాడవూ మరి. వాళ్ళు నడిచింది పోయేవాడి వైపు. ఆరుగురిలో ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు.

అప్పుడు పెద్దావిడ కప్పు కింద పెట్టింది.

"నిన్న ఒంటిగంటకి ఆయన ఫోను చేశారని చెప్పాను కదా. చీలిక దగ్గరున్నాను, ఫోను కుడికి రమ్మంటోంది, రంగు ఎడమకి రమ్మంటోంది అన్నారు. ఫోను చూసుకుని రండి అన్నాను. నవ్వారు. ఫోనుకి కాళ్ళున్నాయా, ఈ రంగు వేసిన మనిషి ఇక్కడ నిలబడి వేసుంటుంది, నేను రంగు వెంట వస్తాను అన్నారు."

దళం పెద్ద ఓపిగ్గా తల పంకించాడు. "అమ్మా, కాదనట్లేదు. కానీ అక్కడ రంగూ ఫోనూ ఒకే వైపు చూపిస్తాయి. పుస్తకంలో ఉంది. దానికి ముందు అడవిలో రాళ్ళ నిండా పసుపుపచ్చ పాచి ఉంటుంది, దూరం నుంచి చూస్తే అచ్చం గీతలాగే కనిపిస్తుంది. ఆయన దాన్ని చూసి రంగనుకుని ఎటో మళ్ళి ఉంటారు. మేం ఇప్పుడు అడవి మొదలుపెడతాం. సాయంత్రానికి సగమైనా పూర్తవుతుంది."

"నలభై ఏళ్ళు జనాలకి కళ్ళజోళ్ళు పెట్టిన మనిషి," పెద్దావిడ అంది. "పాచికీ పెయింటుకీ తేడా తెలీదా ఆయనకి?"

ముసలివాళ్ళు పొరపాటు పడతారని గదిలో అందరి మొహాల మీదా ఉంది, ఎవరూ పైకి అనలేదంతే. దళం పెద్ద గుర్తులమ్మ వైపు తిరిగాడు. "అటు చీలిక దగ్గర మీ గుర్తులు బాగానే ఉన్నాయి కదూ?"

ఆమె నోరు తెరిచేలోపు మరిది అందుకున్నాడు.

"ఆవిణ్ణి అడుగుతారేమిటండీ. మాకూ మాకూ లక్ష ఉండొచ్చు. కానీ మా వదిన పూర్తి అని రాసిందంటే పూర్తే. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ గీత ఒక్కటీ తప్పు లేదు. ఆ మాట ఆదివారం సమావేశంలోనైనా చెప్తాను."

వెటకారమాడినా బాగుండేది. ఎన్నేళ్ళుగానో అతని నోటి నుంచి ఆ మాట రావాలని ఆమె కోరుకుంది. వచ్చి వచ్చి ఇవాళ వచ్చింది. ముందుకు పోతే గొయ్యి, వెనక్కి పోతే నుయ్యి. అవునంటే చాలు, దళం అడవిలోకి పోతుంది. ఆయన పాచిని చూసి మోసపోయిన ముసలాయన అవుతాడు. ఆదివారం గుర్తులు నిలబడతాయి, తన పేరు నిలబడుతుంది. ఆయన మాత్రం వాగు లోయలో, రాత్రంతా చలిలో ఉండి, ఇప్పుడు ఇంకో పగలు. ఉంటే.

తల్లెత్తితే పెద్దావిడ తనవైపే చూస్తోంది. నువ్వైనా చెప్పు, మా ఆయన కళ్ళు మంచివే అని చెప్పు అన్నట్టుంది ఆ చూపు. గుర్తులమ్మకి సిగ్గుతో ఒళ్ళంతా వేడెక్కింది.

"పూర్తి కాలేదు," అంది.

"ఏమిటి?" అన్నాడు దళం పెద్ద.

"వచ్చేవాడి వైపు చెయ్యలేదు. గట్టు మీద ఆ వైపు ఒక్క గీత లేదు. అటు చీలిక దగ్గర వాగులోకి దింపే పాత గీతలు అలాగే ఉన్నాయి. వానొచ్చింది, వచ్చేశాను. పూర్తి అని రాసేశాను." పెద్దావిడ వైపు తిరిగింది. "ఆయన చూసింది రంగేనమ్మా. నా రంగే. ఆయన వాగు లోయలోకి దిగారు."

మరిది ఆమెని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు, తర్వాత పటం వైపు చూపు తిప్పుకున్నాడు. పెద్దావిడ తిడుతుందనీ, కొడుతుందనీ గుర్తులమ్మ సిద్ధపడింది. తిడితే బాగుండనిపించింది కూడా.

పెద్దావిడ ఒక్కటే అడిగింది. "అక్కడికి ఎంతసేపు?"

కలప రోడ్డు మీద జీపులో నలభై నిమిషాలు, దిగి నడిస్తే ఇంకో ఇరవై. మరిది పక్కనే కూర్చున్నాడు, మోకాలు మోకాలికి తగులుతోంది, చూపు కిటికీ బయటే. "ఒక్క మాట నాకు చెప్పుంటే నేనే పోయి చెరిపొచ్చేవాణ్ణి కదా వదినా," అన్నాడు చివరికి, అదీ కిటికీతోనే. నిజమే, పోయేవాడే. అది తెలిసే చెప్పలేదు.

అటు చీలిక దగ్గర నిలబడి చూస్తే సంగతి పసిపిల్లాడికైనా తెలుస్తుంది. కుడివైపు గట్టు మీద ఖాళీ రాళ్ళు. ఎడమవైపు, నడుమెత్తు బండ మీద, తొమ్మిదేళ్ళ కిందట తను వేసిన పసుపు గీత. మంచి రంగు వాడింది, అంచులు కూడా చెదరలేదు. దళం పెద్ద దాన్ని చూశాడు, ఫోన్లో కుడికి పోతున్న నీలం గీత చూశాడు, ఎడమకి దిగాడు.

దిగుతుంటే పాతిక అడుగులకో గీత. మలుపు దగ్గర ముందే కనపడేలా ఒకటి, నడిచేవాడికి అనుమానం రాకముందే ఇంకొకటి. అప్పట్లో ఎంత శ్రద్ధగా వేసిందో గుర్తొచ్చింది. ఒక చంటిబిడ్డనైనా నడిపించుకుపోయేలా వేసింది. బురదలో ఒక చేతికర్ర గుచ్చిన గుంటలు ఆ గీతల వెంటే వరసగా, తడబాటు లేకుండా దిగుతున్నాయి.

బాట ఉన్నట్టుండి ఆగిపోయింది. కూలిన అంచుకి అవతల, ముప్ఫై అడుగుల దూరంలో, తర్వాతి గీత ఇంకా కనిపిస్తూనే ఉంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని సామెత. ఆ సామెత కట్టినవాడు ఈ అంచు చూసి ఉండడు.

కుక్క మొరిగింది. కింద, వాగు ఒడ్డున రాళ్ళ మధ్య, నీలం కోటు కదిలింది.

బతికే ఉన్నాడు. తుంటి దగ్గర విరిగింది, పెదాలు నల్లబడ్డాయి, గొంతు బొంగురుపోయింది. ఫోను వాగులో పడిపోయిందట. రాత్రంతా అరిచాడట, వాగు హోరులో ఎవరికీ వినపడలేదు. దళం పెద్ద మందు సూది గుచ్చి, రెండు దుప్పట్లు చుట్టి, కాలికి బద్దలు కట్టాడు. "ఇంకో రాత్రయితే దక్కేవాడు కాదు," అన్నాడు ఎవరితోనూ కాకుండా. గుర్తులమ్మ ఆయన తల తన ఒళ్ళో పెట్టుకుని, ఫ్లాస్కు మూతతో వేడి టీ చుక్కచుక్కగా పోసింది.

కాసేపటికి ఆయన కళ్ళు ఆమె మీద నిలిచాయి. "మీరూ దళమేనా?"

"కాదండి. ఈ దారికి గుర్తులు వేసేదాన్ని."

ఆయన మొహం కాస్త తేటపడింది. అది చూసి ఆమె ప్రాణం చచ్చింది. "మీరేనా. బాగా వేశారు. ఎక్కడా వెతుక్కోలేదు. ఫోను వద్దంది. మీరు నిలబడి వేసుంటారు కదా అని, మీ మాటే విన్నాను."

ఊరుకుంటే ఊరుకోవచ్చు. నొప్పిలో ఉన్న మనిషి, తర్వాత ఎవరో ఒకరు చెప్తారు. ఆమె ఊరుకోలేదు.

"నిలబడ్డానండి. తొమ్మిదేళ్ళ కిందట. బాట కూలాక వచ్చి వాటిని చెరపాలి. చెరపలేదు. చెరిపానని రాశాను."

ఆయన ఆమె మొహంలోకే చూశాడు. కళ్ళు మంచివే, పెద్దావిడ చెప్పినట్టు.

"మా ఆవిడకి తెలుసా?"

"చెప్పానండి."

"ఏమంది?"

"ఎంతసేపు పడుతుందని అడిగారు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. టీ మూత పెదాల దగ్గరికి తెస్తే తల పక్కకి తిప్పుకున్నాడు. కోపమో నొప్పో ఆమెకి తెలీలేదు, అడిగే హక్కూ లేదు.

స్ట్రెచరు మీద ఆయన్ని ఆ అంచు పైకి ఎక్కించడం అయ్యే పని కాదు. వాగు వెంట కిందికి, పూర్వం కట్టెలు మోసేవాళ్ళు నడిచిన బాట ఒకటుంది. అది కలప రోడ్డులో కలుస్తుంది. దానికి రంగు గుర్తులూ లేవు, ఏ ఫోన్లోనూ నీలం గీతా లేదు. అది తెలిసింది గుర్తులమ్మ ఒక్కదానికే. మరిది జీపుని అక్కడికి తేవడానికి పైకి వెళ్ళాడు. మిగిలినవాళ్ళు స్ట్రెచరు ఎత్తారు. ఆమె ముందు నడిచింది.

వంద గజాలు నడిచాక పొదల దగ్గర బాట రెండైంది. మోసేవాళ్ళు బరువుతో ఆగారు. ఆమె ముప్ఫై ఏళ్ళ అలవాటుతో, చెయ్యి చాపి, "కుడికి," అంది.

ఎవరూ కదల్లేదు. దళం పెద్ద స్ట్రెచరు కర్ర భుజం మార్చుకున్నాడు.

"ఖాయమేనా?" అన్నాడు.

అతను నొప్పించాలని అనలేదు. మోస్తున్నది మనిషిని, అడగాల్సిన మాటే అడిగాడు. ఇన్నేళ్ళలో ఆమెని ఎవరూ ఆ మాట అడగలేదు. గుర్తులమ్మ చెయ్యి దించింది.

"దించి ఆగండి. చూసొస్తాను."

వాళ్ళు స్ట్రెచరు దించారు. ఆమె కుడివైపు బాట మీద తర్వాతి మలుపు దాకా నడిచింది, మళ్ళీ అక్కణ్ణుంచి వెనక్కి నడిచొచ్చింది. "ఖాయమే," అంది. వాళ్ళు ఎత్తారు.

తర్వాతి మలుపు దగ్గర అతను మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ వెళ్ళింది.